ముడుపులో పెన్నీ

పదకొండో వారం

సుధామణిని పోయినవారం సింగపూర్ పుంగ్గోల్‌లో, అన్నగారి బ్లాకు కింద, లిఫ్టు ముందు నిలబెట్టి వదిలేశాం. వారం రోజులుగా పాపం అక్కడే నిలబడి ఉంది. చేతిలో ఫోను, ఫోనులో ఒక ఎక్స్‌రే ఫొటో. పైన పద్నాలుగో అంతస్తులో అన్నగారు భీమారావు పెట్టె సర్దుకుంటున్నాడు. ఎనభై ఒకటో ఏట, రేపు పొద్దున చెన్నై విమానం ఎక్కి, అక్కణ్ణించి తిరుపతి కొండకి పోతున్నాడు.

ఎందుకు పోతున్నాడో కొత్తగా చేరినవాళ్ల కోసం మరోసారి చెప్పుకుందాం. భీమారావుకి రెండో ఏట విషజ్వరం వచ్చింది. నేవల్ బేస్ ఆస్పత్రిలో డ్రెస్సరు పెదవి విరిచేశాడు. తల్లి కోటేశ్వరి ఏడుకొండలవాడికి మొక్కుకుని ముడుపు కట్టింది. అది పంతొమ్మిది వందల నలభై ఆరు. స్వదేశంలో అయితే రూపాయి బిళ్ల కట్టేవారు. ఇక్కడ జపానువాళ్లు యుద్ధంలో అచ్చేసిన అరటిచెట్టు బొమ్మ నోట్లు అంతకుముందు ఏడే చిత్తుకాగితాలైపోయాయి. ఇంట్లో గట్టి డబ్బు అనదగ్గది ఒక్కటే ఉంది, క్యాంటీనులో పనిచేసే భర్త వెంకటరాజుకి ఒక ముసలి నావికుడు ఇచ్చిపోయిన ఇంగ్లీషు పెన్నీ. దాన్నే పసుపుగుడ్డలో కట్టింది. జ్వరం దిగింది. పిల్లాడు లేచాడు, పెరిగాడు, పెళ్లాడాడు, బస్సు డిపోలో ఫోర్‌మాన్‌గా రిటైరయ్యాడు. ముడుపు మాత్రం డెబ్బై తొమ్మిదేళ్లుగా దేవుడి అలమరలోనే కూర్చుంది.

బయల్దేరేముందు చెల్లెల్ని ఆయన కోరింది ఒక్కటే. ముడి విప్పకుండా లోపల ఏ పెన్నీ ఉందో చెప్పాలి. ముడుపు విప్పకూడదు, విప్పితే మొక్కు చెడుతుంది. కానీ హుండీ దగ్గర నిలబడి "స్వామీ, ఫలానా ఏటిది తెచ్చాను" అని పేరుపెట్టి చెప్పుకోవాలని ఆయన ముచ్చట. ఆయన కొడుకు ప్రేమ్ సైన్స్ పార్క్‌లో పనిచేస్తాడు. మిషను భాగాలను పగలగొట్టకుండా లోపలికి చూసే ఎక్స్‌రే యంత్రం అక్కడ ఉంది. శనివారం ఎవరూ లేనప్పుడు మూటను అందులో పెట్టి, గిర్రున తిప్పి, ఫొటో తీసి అత్తకి పంపాడు. నాణెం మీది సంవత్సరం చక్కగా పడింది. 1951.

నలభై ఆరులో కట్టిన మూటలో యాభై ఒకటిలో పుట్టిన పెన్నీ. అదీ మనం ఆగిన చోటు.

నిజానికి సుధామణి సంవత్సరం దాకా పోకుండానే సంగతి పట్టేసింది. రాజుగారి తల చుట్టూ అక్షరాలుంటాయి కదా, వాటిలో 'ఇండియా చక్రవర్తి' అన్న ముక్క లేదు. ఇండియా చేజారిన రెండేళ్లకి, నలభై తొమ్మిది నుంచి, ఆ మాట పెన్నీల మీద తీసేశారు. అంటే మూట వయసుకీ నాణెం వయసుకీ పొంతన లేదని అప్పుడే తెలిసిపోయింది. తర్వాత సంవత్సరం చూసింది. ఆ తర్వాత, అలవాటు కొద్దీ, అరుగుదల చూసింది. రాజుగారి చెవి మీది జుట్టు వెంట్రుకకి వెంట్రుక నిలబడి ఉంది. ఈ పెన్నీ ఒక్కరోజు కూడా ఎవరి జేబులోనూ తిరగలేదు.

ఆమె వృత్తే అది. నార్త్ బ్రిడ్జ్ రోడ్డు పక్కన పాత కాంప్లెక్సులో, రెండో అంతస్తులో, ఇద్దరు కూర్చుంటే మూడోవాడు బయట నిలబడాల్సినంత దుకాణం. ముప్ఫై అయిదేళ్లుగా బ్రిటిష్ పెన్నీలు తప్ప ఇంకోటి చూడదు. చుట్టుపక్కల దుకాణాల చీనావాళ్లు కూడా 'పెన్నీ ఆంటీ' అంటారు. నాణేన్ని అంచుల దగ్గర పట్టుకుని, దీపాన్ని ఎడమపక్కకి వంచి, భూతద్దంలోంచి చూసి మూడు ముక్కలు చీటీ మీద రాసిస్తుంది: ఎన్ని పుట్టాయి, ఎన్ని మిగిలాయి, ఇది ఎలా ఉంది. అంతకు మించి ఒక్క మాట అడిగినా రాయదు. ఒకాయన తాతగారి పెన్నీ తెచ్చి, దాని వెనక మూడు తరాల కథ మొదలుపెట్టాడు. ఈమె చెయ్యెత్తి ఆపింది. "చింతపండుతో తోమారా?" అంది. "అవునండి, మెరవాలని" అన్నాడాయన. "మెరుస్తోంది. పైపొర మొత్తం పోయింది. ఇక దీని గురించి రాయడానికేం లేదు" అని తిరిగిచ్చేసింది. ఆయన ఏడుపుమొహం పెట్టుకుని పోయాడు. సుధామణి ఆ సాయంత్రం మామూలుగానే భోంచేసింది. మనిషి అలాంటిది.

ఈ ఫొటో చూశాక మాత్రం ఆమెకి అన్నం సహించలేదు.

ఎందుకంటే యాభై ఒకటోది మామూలు పెన్నీ కాదు. కోట్లలో కొట్టే పెన్నీలు ఆ ఏడు కొట్టింది లక్షా ఇరవై వేలు. వాటిలో ఎక్కువభాగం బెర్ముడా దీవులకి పంపేశారు. సింగపూర్‌లో అది ఉండాలంటే బెర్ముడా రేవులోంచి వచ్చిన నావికుడి సంచిలోంచి పడాలి. అలా పడ్డ పెన్నీని వంగి ఏరుకునే మనిషి, ఏరుకున్నది ఏమిటో తెలిసిన మనిషి, ఆ రోజుల్లో ఆ క్యాంటీనులో ఒక్కడే ఉన్నాడు. వాళ్ల నాన్న వెంకటరాజు. సుధామణికి పెన్నీల పిచ్చి అంటించింది ఆయనే. ఏడాదికొక గుంట చొప్పున అట్ట ఆల్బమ్ చేసి అందులో పెన్నీలు గుచ్చేవాడు. చిన్నప్పుడు ఆమె యాభై ఒకటో గుంట మీద వేలు పెట్టి ఇది ఖాళీ ఏమిటని అడిగితే, "అది బెర్ముడా పోయిందమ్మా" అనేవాడు.

పొద్దున ఆ గుంటని దీపం కింద పెట్టి చూసింది. అరవై ఏళ్లుగా ఖాళీ అని నమ్మిన గుంట అడుగున, అట్ట మీద, గుండ్రంగా అంచు ముద్ర పడి ఉంది. అందులో ఒకప్పుడు నాణెం ఉంది. నాన్నే తీశాడు. తీసి ముడుపులో పెట్టాడు, ముడుపులోది తను తీసుకున్నాడు. కొడుకు ప్రాణానికి కట్టిన దేవుడి పెన్నీని మార్చేశాడు.

ఈ మాట ఇప్పుడు పైకెళ్లి అన్నగారితో చెప్పాలి.

లిఫ్టు తలుపు తెరుచుకుంది. లోపల్నించి ప్రేమ్ బయటికొచ్చాడు. నలభై దాటినవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, కానీ అత్త ముందు ఇప్పటికీ స్కూలు పిల్లాడిలా చేతులు జేబుల్లోంచి తీసేస్తాడు.

"అత్తా, పైకి వెళ్లకు. ముందు మాట్లాడాలి" అన్నాడు. "నాన్నకి నేనేం చెప్పలేదు. ఫొటో క్లియర్‌గా లేదు, అత్త చూసి చెప్తుంది అన్నాను."

"క్లియర్‌గానే ఉంది."

"తెలుసు లా" అన్నాడు సింగపూర్ యాసలో. "అందుకే కిందికి వచ్చాను. ఏం చెప్తావ్ ఇప్పుడు?"

"ఉన్నది చెప్తాను."

"ఎందుకు?" ప్రేమ్ గొంతు తగ్గించాడు. పక్క బెంచీ మీద ఇద్దరు మలాయ్ పెద్దవాళ్లు కూర్చుని ఉన్నారు. వాళ్లకి తెలుగు రాదన్న సంగతి మర్చిపోయాడు. "ఆయన కొండకి వెళ్తారు, హుండీలో వేస్తారు, హ్యాపీగా తిరిగొస్తారు. హాబిస్, అంతటితో అయిపోతుంది. లోపల ఏ ఇయర్ అయితే దేవుడికేంటి?"

"దేవుడికేం లేదు. అడిగింది మీ నాన్న."

"పెన్నీయే, మంచి కండిషన్‌లో ఉంది అని చెప్పు. అంతే. అది అబద్ధం కాదు గదా అత్తా."

అది అబద్ధం కాదు. సుధామణి కూడా పొద్దుట్నించీ ఆ వాక్యం చుట్టూనే తిరుగుతోంది. పెన్నీయే, మంచి కండిషన్‌లో ఉంది. కానీ అన్నగారు అడిగింది కండిషన్ కాదు, ఏ ఏటిది అని. ఒకసారి ఒకాయన కూతురి పెళ్లి ఉందని, చీటీలో నాణెం స్థితి సగం మెట్టు పైకి రాసిపెట్టమని చేతులు పట్టుకున్నాడు. రాయలేదు. పరాయివాడికి రాయని అబద్ధం సొంత అన్నకి రాసివ్వడం ఏం న్యాయం? పోనీ, చెప్పకుండా ఉండటం ఏం ప్రేమ? ఆమెకి రెండువైపులా భయంగానే ఉంది. అన్నగారంటే ప్రాణం. నాన్న డ్యూటీలో ఉన్న రోజుల్లో సైకిలు బారు మీద కూర్చోబెట్టుకుని బడికి దింపినవాడు ఆయన.

"పద" అంది. ప్రేమ్ నిట్టూర్చి లిఫ్టు బటన్ నొక్కాడు.

హాలు నిండా సామాను. కొత్త పంచెలు, మందుల పెట్టె, కొండమీద చలేస్తుందని ఆండాళమ్మ కొన్న మంకీ క్యాపు. టీపాయ్ మీద స్టీలు పళ్లెం, పళ్లెంలో ముడుపు. పసుపుగుడ్డ రంగు ఎప్పుడో వెలిసి మట్టిరంగుకి వచ్చేసింది. మూడు ముళ్లు మాత్రం బిగుసుకుని రాయిలా ఉన్నాయి. భీమారావు దాని ముందు కుర్చీ వేసుకుని, రైలు కోసం కూర్చున్నవాడిలా కూర్చుని ఉన్నాడు.

"మకాన్ అయిందా, తిన్నావా?" అన్నాడు చెల్లెల్ని చూసి.

"అయింది అన్నయ్యా."

"మొహం చూస్తే కాలేదనిపిస్తోంది. ఆండాళూ, సుధకి కోపీ పెట్టు."

ఈ పెద్దమనిషి ఇన్నేళ్లూ కొండకి పోకుండా ఎందుకున్నాడో కూడా చెప్పాలి. డబ్బు లేక కాదు, తీరిక లేక కాదు. "మొక్కు తీరనివాణ్ణి దేవుడు తీసుకుపోడు. నేను ముడుపు ఇవ్వనంతకాలం ఆయన నా జోలికి రాడు" అని తిరిగేవాడు. ఆయన ఈడువాళ్లందరూ ఒక్కొక్కరే వెళ్లిపోయారు, ఆయన మిగిలాడు. నవ్వుతూ మొదలుపెట్టిన మాట పోనుపోను నమ్మకమైపోయింది. ఈ ఏడు గుండె ఆపరేషన్ అయ్యాక, ఆస్పత్రి మంచం మీద లేచి కూర్చుని, "ఇక చాలు. నా అంతట నేనే తీసుకెళ్లి ఇచ్చేస్తాను" అన్నాడట. ఆ రోజు ఆండాళమ్మ వంటగదిలోకి పోయి ఏడ్చిందని ప్రేమ్ చెప్పాడు. ఆయనకి ఈ ముడుపు రాగిబిళ్ల కాదు, తను బతికినదానికి గుర్తు.

"చెప్పు. ఏ ఏటిది?" అన్నాడు భీమారావు.

"చెప్తాను. ముందు నువ్వు చెప్పు. దీన్ని ఎప్పుడైనా ఎవరైనా విప్పారా?"

"విప్పడం ఏమిటి? అమ్మ కట్టింది. అమ్మ పోయాక ఆండాళు చూసుకుంటోంది. శుక్రవారం శుక్రవారం పసుపునీళ్లు చల్లడం తప్ప ముట్టుకునేది లేదు."

ప్రేమ్ గోడకి ఆనుకుని అత్తనే చూస్తున్నాడు. సుధామణి అతని వైపు చూడలేదు.

"లోపల ఉన్నది యాభై ఒకటోది అన్నయ్యా."

భీమారావు వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు. ఆయన డిపోలో ఇంజను చప్పుడు విని ఏ నట్టు వదులైందో చెప్పగలిగిన మనిషి. తొందరపడడు.

"నాకప్పుడు ఏడేళ్లు" అన్నాడు చివరికి. "జ్వరం వచ్చింది రెండో ఏట."

"అవును."

"అయితే అమ్మ చెప్పింది అబద్ధమా?"

"అమ్మ చెప్పింది నిజమే. తర్వాత ఎవరో విప్పి మార్చారు."

"ఎవరో అంటే?"

సుధామణి సంచిలోంచి ఆల్బమ్ తీసి ఆయన ఒళ్లో పెట్టింది. యాభై ఒకటో గుంట చూపించి, ఫోనులో దీపం వెలిగించి అడుగున పడ్డ ముద్ర మీదికి తిప్పింది. భీమారావు వేలితో ఆ గుండ్రటి గీతని తడిమాడు. ఆయనకి విడమరిచి చెప్పాల్సిన పని పడలేదు.

"నాన్న" అన్నాడు.

"నాన్నే."

"దేవుడి సొమ్ము తీశాడా?"

సుధామణి ఫోనులో దీపం ఆర్పేసింది. ఆమెకి తెలిసినంతవరకూ దానికి జవాబు అవుననే.

"నేను దీన్ని అడ్డం పెట్టుకుని ఎనభై ఏళ్లు బతికాను సుధా" అన్నాడు భీమారావు. గొంతు పెంచలేదు. అలా పెంచకపోవడమే ఆమెకి ఎక్కువ బాధనిపించింది. "ఇది నాదే కాకపోతే, ఇన్నేళ్లూ దేన్ని పట్టుకుని ఉన్నాను? రేపు అక్కడికి పోయి ఏం చెప్పను? మా నాన్న మార్చేశాడు స్వామీ, సర్దుకో అననా?"

"నాన్నా, ఏదైనా పెన్నీయే కదా" అన్నాడు ప్రేమ్.

"ఏదైనా కొడుకే కదా అని మీ అమ్మ ఆస్పత్రి నించి ఇంకోణ్ణి తెచ్చుకుందా?"

ప్రేమ్ మళ్లీ గోడకి ఆనుకున్నాడు.

ఆండాళమ్మ కోపీ గ్లాసులు తెచ్చి బల్లమీద పెట్టింది. వంటగదిలోంచి అంతా వింది. ఆమెకి డెబ్బై ఆరు. ఇంట్లో ఎవరు గొంతు తగ్గించినా ఆమెకి వినపడకుండా ఉండదు.

"ఏ ఏటిదో నాకు తెలీదు గాని, అది ఎలా ఉండేదో తెలుసు" అంది.

ముగ్గురూ ఆమె వైపు చూశారు.

"నేను కాపరానికొచ్చిన కొత్తలో అత్తయ్య చెప్పింది. ఆవిడకి ఇంగ్లీషు రాదు గదా. నాణెం అటూ ఇటూ తిప్పి చూస్తే ఒకవైపు మగమనిషి తల, రెండోవైపు ఆడమనిషి. తలకి కిరీటంలాంటిది, చేతిలో త్రిశూలం. అమ్మవారే అనుకుందట. 'తెల్లవాళ్లకి కూడా అమ్మవారు ఉంది పిల్లా' అని నాతో అంది. దేవత కాబట్టి వట్టిగా కడితే తప్పని, తడిపసుపు ముద్ద తీసి ఆవిడ పాదాలకి అద్ది, అప్పుడు గుడ్డలో పెట్టి కట్టింది."

ప్రేమ్ నవ్వబోయి తండ్రి మొహం చూసి ఆగిపోయాడు. సుధామణికి నవ్వు రాలేదు.

"పాదాలకా?" అంది. "పాదాలకి మాత్రమేనా?"

"పాదాలకే. పసుపు పాదాలకే కదా రాస్తాం."

"ఇంకేం చెప్పింది వదినా? నాణెం మీద ఇంకేమైనా ఉందని చెప్పిందా?"

ఆండాళమ్మ కళ్లు మూసుకుని గుర్తు తెచ్చుకుంది. "అంకెల పక్కన చీమంత అక్షరాలు రెండు ఉండేవట. మిగతా పెన్నీలకి అవి లేవని మావయ్య చూపించాడట. ఆ నావికుడికి కొడుకు పుట్టిన ఏటిదని, కాగితంలో చుట్టి దాచుకున్నాడని కూడా చెప్పింది. యుద్ధంలో ఆ కొడుకు పోయాక, చూడలేక మావయ్యకి ఇచ్చేశాడట."

"ఆ అక్షరాలు అంకెలకి ఎడమవైపా, కుడివైపా?"

ఆండాళమ్మ గ్లాసు అంచు మీద అంకెలు ఉన్నట్టు వేలితో చూపించి, వాటికి ఎడమపక్కన చుక్క పెట్టింది. "ఇటు."

సుధామణికి మనుషుల మొహాలు గుర్తుండవు. దుకాణానికి పదేళ్లుగా వస్తున్నవాళ్లని కూడా పేరడుగుతుంది. కానీ చేతిలోంచి పోయిన నాణెం ఏదీ ఆమె మర్చిపోదు. పంతొమ్మిది వందల పంతొమ్మిది. అంకెలకి ఎడమపక్కన కె, ఎన్ అని రెండు అక్షరాలు, కింగ్స్ నార్టన్ అనే చోట కొట్టారని గుర్తు. ఆ ఏటి పెన్నీల్లో ఆ గుర్తున్నవి తక్కువ, ఉన్నవాటిలో అరగనివి మరీ తక్కువ. అలాంటిది ఆమె చేతిలోంచి ఒక్కటే వెళ్లింది. రిజిస్టరు తెరవకుండానే రాత కళ్ల ముందు కనిపిస్తోంది. తన రాతే. 'దాదాపు అరగలేదు. బ్రిటానియా పాదాల దగ్గర పసుపుపచ్చ మరక, పాతది, కడగలేదు. కారణం తెలియదు.'

నాన్న పోయాక ఆల్బమ్ పంపకాలకి వచ్చినప్పుడు, "నాకెందుకే ఆ రాగిముక్కలు, నువ్వే ఉంచుకో" అని భీమారావే ఆమె చేతిలో పెట్టాడు. తన ప్రాణానికి కట్టిన పెన్నీ అందులో ఉందని ఆయనకి తెలీదు, ఆమెకీ తెలీదు. మూడేళ్లకి రాఫెల్స్ ప్లేస్‌లో బ్యాంకు ఉద్యోగి భరద్వాజ్ అనే ఆయన వచ్చి, ఆ పంతొమ్మిదోదాన్ని భూతద్దంలో చూసి, మరక ఏమిటని అడిగాడు. తెలియదు అంది. మరక ఉన్నా పర్వాలేదని తీసుకుపోయాడు.

ఇప్పుడు కారణం తెలిసింది. ఆ మరక మా అమ్మ చేతి పసుపు, అనుకుంది సుధామణి. అమ్మ వేలు ఆనిన చోటు. దాన్ని పరాయివాడి ముందు పెట్టి, లోపంగా రాసి, అమ్ముకున్నాను. ఏడవాలనిపించింది. ఏడవలేదు.

ఆ క్షణాన ఆమె ఊరుకుంటే ఇంకెవరికీ తెలియదు. ఇంట్లో ఎవరూ ఆమెని అడగలేదు. తప్పంతా చచ్చిపోయిన నాన్న మీద ఉంది, ఆయన వచ్చి కాదనడు. ప్రేమ్‌కి తెలియదు, వదినకి తెలియదు, రిజిస్టరు ఆమె దుకాణంలో ఆమె తాళం కింద ఉంది. పాత పెన్నీ ఏమైందో దేవుడికే ఎరుక అంటే అన్నగారు నమ్ముతాడు. చెల్లెలి మాట ఆయన కాదన్నదెప్పుడు?

"అన్నయ్యా" అంది. "నీ పెన్నీ పంతొమ్మిదోది. నాన్న దాన్ని ఈ ఆల్బమ్‌లోనే పెట్టాడు. ఆల్బమ్‌తో పాటు నా దగ్గరికి వచ్చింది. నేను అమ్మేశాను."

ప్రేమ్ గోడ వదిలి నిలబడ్డాడు. ఆండాళమ్మ చేతిలో గ్లాసు బల్లమీద పెట్టేసింది.

"తెలిసి అమ్మలేదు" అంది సుధామణి. "అయినా అమ్మింది నేనే. పంతొమ్మిదేళ్లయింది."

భీమారావు ఆల్బమ్ మూసి పక్కన పెట్టాడు. తిడతాడని ఆమె ఎదురుచూసింది, తిడితే బావుండుననుకుంది.

"ఎలా ఉంది అది?" అన్నాడు.

"ఏమిటి?"

"నా పెన్నీ. బావుందా?"

"నేను చూసిన పంతొమ్మిదుల్లో అంత బావున్నది లేదు."

"పాదాల దగ్గర పసుపు?"

"ఉంది. పోలేదు."

భీమారావు తల ఊపాడు. ఆయన కళ్లు తడిశాయి. తుడుచుకోలేదు. కొంతసేపటికి ముందుకి వంగి స్టీలు పళ్లేన్ని తనవైపు లాక్కున్నాడు. ముడుపు చేతిలోకి తీసుకుని, మొదటి ముడి మీద గోరు పెట్టాడు.

"ఏమండీ, విప్పకూడదు" అంది ఆండాళమ్మ.

"నాది అయితే విప్పకూడదు. ఇది నాది కాదంట కదా."

"దేవుడి పేరు మీద కట్టింది ఎవరిదైనా తప్పేనండీ."

"కట్టినవాడు నాన్న. ఇంకోరిది విప్పి మరీ కట్టాడు. ఏం అనుకుని కట్టాడో చూస్తాను."

ముళ్లు ఒక పట్టాన రాలేదు. ప్రేమ్ కత్తెర తెస్తానన్నాడు, ఆయన వద్దన్నాడు. మొదటి ముడికి గోరు విరిగింది. రెండోది పళ్లతో లాగాడు. మూడోది విడిపోయేసరికి గుడ్డ మడతల వెంబడి చిరిగిపోయి, పసుపు పొడిగా రాలింది. నాణెం పళ్లెంలో పడి ఖంగుమంది. సుధామణి కళ్లు తనకి తెలియకుండానే దాని అంచుల మీదికి పోయాయి. అక్కడక్కడా పసుపు అంటినా రాజుగారి బుగ్గ మీద కొత్త రాగి ఎరుపు ఇంకా ఉంది. నాణెంతో పాటు ఇంకోటి కూడా పడింది. నాలుగు మడతలు పెట్టిన కాగితం, బొటనవేలి గోరంత.

"పేపరా?" అన్నాడు ప్రేమ్. "స్కాన్‌లో పడలేదు. మెటల్ పక్కన పేపర్ కనబడదు."

భీమారావు కళ్లద్దాలు వెతికి పెట్టుకున్నాడు. కాగితం మడతల దగ్గర ముక్కలవుతోంది. పళ్లెంలోనే పరిచి, ముక్కలు దగ్గరికి చేర్చి, వంగి చదివాడు. రెండోసారి చదివాడు. తర్వాత పళ్లేన్ని రెండు చేతులతో ఎత్తి, ఏదీ కదలకుండా, చెల్లెలి ఒళ్లో పెట్టాడు.

"ఇది నీది సుధా" అన్నాడు.

నాన్న రాత. క్యాంటీను చీటీల మీద రాసినట్టే, పెన్సిలుతో, తలకట్లు లేకుండా.

'సుధామణి ప్రాణానికి. నా దగ్గర ఉన్నవాటిలో మళ్లీ దొరకనిది ఇదే. పిల్లాడికి కట్టిన గుడ్డలోనే కడుతున్నాను, వాడు దక్కాడు కాబట్టి. పిల్ల దక్కితే నేనే కొండకి తెస్తాను. 1961 ఆగస్టు.'

ఆమె రెండుసార్లు చదవలేదు. ఒక్కసారికే కంఠతా వచ్చేసింది. అరవై ఒకటి ఆగస్టుకి ఆమెకి రెండేళ్లు. తనకి ఏదో జబ్బు చేసిందని అమ్మ చెప్పలేదు, నాన్న చెప్పలేదు. నాన్న ఆ తర్వాత నలభై రెండేళ్లు బతికాడు. ఒక్కసారైనా స్వదేశం వైపు ఓడెక్కలేదు, విమానం ఎక్కలేదు. ఎందుకు పోవని ఎవరైనా అడిగితే, మొహం తిప్పుకుని వెళ్లి ఆల్బమ్ తుడుచుకునేవాడు.

"నాకేమైంది అన్నయ్యా?" అంది. "అప్పుడు నాకేమైంది?"

భీమారావుకి అప్పటికి పదిహేడేళ్లు. తెలియని వయసు కాదు. ఆయన కళ్లద్దాలు తీసి, పంచె చెంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకున్నాడు. చిరిగిన పసుపుగుడ్డని ఒకసారి, చెల్లెలి ఎడమ భుజాన్ని ఒకసారి చూశాడు.

"ప్రేమూ, నువ్వు కాసేపు కిందికెళ్లు" అన్నాడు.

"నాన్నా, ఎందుకు?"

"వెళ్లమన్నాను కదా." తర్వాత భార్య వైపు చూడకుండానే, "ఆండాళూ, వాడు వెళ్లాక తలుపెయ్యి" అన్నాడు.

ఆండాళమ్మ అప్పటికే తలుపు దగ్గర నిలబడి ఉంది.